గంజి పెట్టిన కవచం

హిందూపురంలో మేమున్న వైపు క్రైస్తవుల ఇళ్ళలో భయం పుడితే కబురు నాకే వస్తుంది. పసిబిడ్డ ఊరికే ఉలిక్కిపడినా, కొత్తగా పెట్టిన పిండిగిర్నీ మోటారు రెండుసార్లు కాలిపోయినా, గేటు ముందు ఎవరో ఎర్రనీళ్ళు పోసిపోయినా, "ఆ పెద్దాయన్ను పిలవండి, ఇల్లంతా ప్రార్థన చేసిపోతాడు" అంటారు. నేను పాస్టరును కాను. సంఘంలో నాకు ఏ హోదా లేదు. ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన మనిషిని. కాకపోతే నిటారుగా నిలబడతాను, గొంతు పెద్దది, చొక్కాకు గంజి ఉంటుంది. అపవాది, అదే సాతాను, ఈ మూడింటికీ జడుస్తాడని జనం ఎందుకు నమ్మారో నాకు తెలియదు. నేను మాత్రం వాళ్ళకంటే ముందే నమ్మాను.

నాకొక పద్ధతి ఉంది. వాకిలి దగ్గర మొదలుపెట్టి ప్రతి తలుపు మీదా చెయ్యి ఆనించి ప్రార్థిస్తాను. తర్వాత కిటికీలు, వంటగది, స్నానాలగది, చివరికి మిద్దె మీద నీళ్ళట్యాంకు. ట్యాంకు దాకా ఎందుకని ఒకసారి ఒకాయన అడిగితే, శత్రువు ఏ సందులోనుంచైనా వస్తాడని చెప్పాను. నిజానికి ఇంట్లో ఆడవాళ్ళు కాఫీ పెట్టడానికి ఆ మాత్రం సమయం కావాలి. కిందికి దిగాక నాకోసం వేసిన కుర్చీలో కూర్చుని కవచం గురించి చెబుతాను. విశ్వాసి తొడుక్కోవాల్సిన యుద్ధకవచం: నడుముకు సత్యం, రొమ్ముకు నీతి, పాదాలకు సమాధానం, అంటే శాంతి, అనే చెప్పులు, చేతికి విశ్వాసమనే డాలు, తలకు రక్షణ, కుడిచేతిలో వాక్యమనే ఖడ్గం. ఖడ్గం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు వీధి చివరిదాకా పోతుంది. అర్ధగంట ఖడ్గమే తిప్పుతాను.

నా భార్య ప్రతి ఇంటికీ నాతో వస్తుంది. ఒక మూల చాప మీద కూర్చుంటుంది. ఒకరోజు తిరిగి వస్తూ ఆటోలో అంది: "బెల్టు కాడ ఆగుతాది, డాలు కాడ ఆగుతాది, కత్తి కాడైతే డ్రైవరు దిగి భోజనం చేసి వస్తాడు. ఆ చెప్పుల కాడికొస్తే మాత్రం మీ బస్సు ఎక్స్‌ప్రెస్ అయిపోతాది."

నేను విననట్టు వీధిలోకి చూశాను. చెప్పుల మాట వింటే నాకు ఒళ్ళు మండే రోజులవి. ఎందుకో చెప్పాలంటే మా తాత బెంచీ గురించి చెప్పాలి.

మా తాత పెనుకొండ దగ్గర ఒక పల్లెలో పెద్ద రైతు. కనుచూపు మేర వేరుశనగ చేలు, ఒక గుర్రబ్బండి, వెండిపిడి చేతికర్ర. బాప్తిస్మం తీసుకున్నప్పుడు బంధువుల్లో సగంమంది మాట్లాడటం మానేశారట. మిగతా సగంమందితో మా తాతే మానేశాడు. పెనుకొండలో చర్చి కట్టేటప్పుడు రాళ్ళు తోలించింది ఆయన బండ్లే. ఆ రోజుల్లో చర్చిలో అందరూ చాపల మీద కూర్చునేవాళ్ళు. మా తాత మాత్రం ఆరడుగుల టేకు బెంచీ చేయించి ముందువరసలో, గోడ పక్కన వేయించుకున్నాడు. వీపు ఆనించే పలక మీద ఒక సిలువ, దాని కింద తన పేరులోని మొదటి అక్షరాలు చెక్కించాడు. మోకాళ్ళనొప్పి వల్ల కింద కూర్చోలేడని సంఘానికి చెప్పుకున్నారు. ఆ నొప్పి మా వంశంలో బాగా పట్టుకుంది. మా నాయనకు ఇరవైయేళ్ళకే వచ్చింది. నాకు పన్నెండేళ్ళకే వచ్చింది. మా అవ్వకు మాత్రం చనిపోయేదాకా రాలేదు. ఆమె చాప మీదే కూర్చునేది.

తర్వాత అందరికీ తెలిసిన కథే. చేలు పోయాయి, బండి పోయింది, పల్లెలో ఇల్లు పోయింది. మా నాయన చివరి రోజుల్లో ఎవరైనా పెద్దరెడ్డిగారి కొడుకని పిలిస్తే సంతోషించేవాడు. పిలవడానికి మనుషులే తక్కువయ్యారు. నేను హిందూపురంలో మేడ మీద రెండు గదుల బాడుగ ఇంట్లో ఉంటున్నాను. వెండిపిడి కర్రతో ఇప్పుడు బూజు దులుపుతాము. పెనుకొండ చర్చిలో ఆ బెంచీ మాత్రం మిగిలింది. హిందూపురంలో మా సంఘానికి చర్చి ఉన్నా నేను ప్రతి ఆదివారం బస్సెక్కి పెనుకొండ పోయేవాణ్ణి. దేవుడు రెండుచోట్లా ఉంటాడని నాకు తెలుసు. బెంచీ ఒక్కచోటే ఉండేది.

నా తమ్ముడు పెనుకొండలోనే ఉంటాడు. బస్టాండు దగ్గర ఎరువుల అంగడి. నాకున్న నిటారు వెన్ను వాడికి రాలేదు. చిన్నప్పటి నుంచీ చాప మీదే, మా అవ్వ పక్కన కూర్చునేవాడు. సంఘం వాణ్ణి కార్యదర్శిని చేసింది. ఆ గౌరవం పెద్దవాణ్ణైన నన్ను అడగకుండా వాడికివ్వడమే ఒక తప్పని అప్పట్లో నా అభిప్రాయం.

ఒక ఆదివారం చర్చికి పోయేసరికి లోపల చాపలు లేవు. నీలంరంగు ప్లాస్టిక్ కుర్చీలు వరసలుగా ఉన్నాయి. గోడ పక్కన బెంచీ లేదు. వెనక్కి తిరిగితే గుమ్మం బయట కొత్త చెప్పుల స్టాండు కనబడింది. మూడు అరలు. పై అర పలక మీద సిలువ, దాని కింద మా తాత అక్షరాలు. ఆ అక్షరాల పైన ఎవరివో తడిసిన రబ్బరు చెప్పులు, వాటి నుంచి బురదనీళ్ళు కారుతున్నాయి.

తమ్ముడు లోపలినుంచి పరుగున వచ్చాడు. "అన్నా, రా, ముందు లోపలికి రా, చెప్తా..."

"ఏం చెప్తావురా? మన తాత నెత్తిన చెప్పులు పెట్టించినావు కదా!"

"అది కాదన్నా, కొంచెం ఇను..."

"ఇంక నీతో నాకు మాటల్లేవు. ఈ గుమ్మం తొక్కితే నేను ఆయన మనవణ్ణి కాను."

ఆరాధనకు వచ్చినవాళ్ళంతా చూస్తున్నారు. వాళ్ళు చూడటం కోసమే నేనూ కొంచెం ఆగి, తర్వాత నడిచాను. వెనక నా భార్య చెప్పులు విప్పి, మళ్ళీ తొడుక్కుని వచ్చింది. ఆ ఆదివారం నెలలో మొదటిది. ప్రభువు బల్ల పరిచి ఉంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకోకుండా మేమిద్దరం బస్టాండుకు వచ్చేశాము.

తర్వాతి నెల హిందూపురం చర్చికే పోదామనుకున్నాను. కానీ రెండుచోట్లా ఒకే పాస్టరు. ఆయన వయసులో నాకంటే చిన్నవాడు, మాట మెత్తన. ఆరాధనకు ముందు నన్ను పక్కకు పిలిచి, "అయ్యా, బల్ల దగ్గరికొచ్చే ముందు సహోదరుడితో సమాధానపడాల కదా. మీకు చెప్పేంతవాణ్ణి కాదు. తమ్మునితో ఒక్క మాట మాట్లాడి రండి. నేనే మీకు రొట్టె అందిస్తా" అన్నాడు.

నేను వాక్యాలు ఎరిగినవాణ్ణి. ఆయన చెప్పింది సరైనదేనని నాకు తెలుసు. అందుకే ఎక్కువ కోపం వచ్చింది. "అమ్మగార్ని మేమేం అనలేదయ్యా, ఆమె రావచ్చు" అని కూడా అన్నాడు. నా భార్య వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆయన పస్తుంటే నేనెట్ల తింటా అయ్యగారూ" అంది.

ఆ మాటను అప్పుడు నేను పతిభక్తిగా లెక్కవేసుకుని లోపల మురిసిపోయాను. అది నా మెడకు కట్టిన రాయని తర్వాత కదా తెలిసింది.

నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. ధర్మవరంలో మన సంఘమే, వేరే పాస్టరు. అక్కడ మా గొడవ ఎవరికీ తెలియదు. మరుసటి నెల మొదటి ఆదివారం ప్యాసింజరు ఎక్కాము. ఆ బండి దారిలో పెనుకొండ స్టేషన్లో ఆగుతుంది. స్టేషన్ రాకముందే నేను కొండ కనబడే వైపు కిటికీ దించేశాను. ఎదురు సీట్లో ఒక ముసలాయన, "ఏమప్పా, ఎండ ఆ పక్క లేదు గదా?" అన్నాడు. "దుమ్ము" అన్నాను. రైలు ఆగి ఉన్న ఆ రెండు నిమిషాలూ అవతలివైపు పట్టాలనే చూస్తూ కూర్చున్నాను.

ధర్మవరం చర్చిలో నా చొక్కాను చూసి ముందువరసలో కూర్చోబెట్టారు. అది బాగుంది. ఆరాధన మధ్యలో అక్కడి పాస్టరు లేచి, వేరే ఊరి సంఘాల నుంచి వచ్చినవాళ్ళు బల్లలో పాలుపొందాలంటే సొంత సంఘం నుంచి ఉత్తరం తేవాలని, ఇది తమ సంఘంలో పాత ఏర్పాటని మర్యాదగా చెప్పాడు. నన్నే చూసి నవ్వుతూ, "పెద్దాయనకు ఉత్తరం ఏం కష్టం? వచ్చే నెలకు తెచ్చుకుంటారు" అన్నాడు.

"తప్పకుండా" అన్నాను.

ఉత్తరం రాసి సంతకం పెట్టాల్సింది పెనుకొండ సంఘ కార్యదర్శి. అంటే నా తమ్ముడు.

అట్లా నెలలు గడిచాయి. ఒక నెల ఉత్తరం మరిచానన్నాను. ఒక నెల కార్యదర్శి ఊర్లో లేడన్నాను. ఒక నెల పోస్టులో ఉందన్నాను. ఈ కాలంలో ఫోనులో ఫొటో తీసి పంపేదానికి పోస్టేమిటని ఎవరూ అడగకపోవడం వాళ్ళ మంచితనం. ప్రతి నెలా రొట్టె పళ్ళెం మా వరస దగ్గరికి వచ్చేది. మా పక్కనున్నవాళ్ళు తీసుకునేవాళ్ళు, పళ్ళెం మమ్మల్ని దాటి పోయేది. నేను కళ్ళు మూసుకుని ధ్యానంలో ఉన్నట్టు కూర్చునేవాణ్ణి. నా భార్య కళ్ళు తెరిచే ఉండేది. పళ్ళెం పోయినవైపే ఆమె చూపు పోయేది. నేను కళ్ళు మూసుకున్నానంటూనే దాన్ని ఎట్లా చూశానని అడగొద్దు.

ఇంట్లో శనివారం సాయంత్రాలు ఒక చిన్న కార్యక్రమం ఉండేది. మా ఇంట్లో అన్నం కుక్కరులోనే అవుతుంది. కుక్కరులో గంజి రాదు. నా చొక్కా కోసం ఆమె శనివారం మాత్రం గిన్నెలో అన్నం వండి, వార్చి, ఆ గంజిలో చొక్కా ముంచి ఆరేసేది. మర్నాడు ఇస్త్రీ అయ్యాక ఆ చొక్కాను గోడకు ఆనిస్తే దానంతటదే నిలబడుతుంది. అది తొడుక్కుంటే నేనూ నిలబడతాను. రొమ్ముకు నీతి అనే కవచం గురించి చెప్పేటప్పుడు నేను అరచేత్తో ఆ చొక్కా మీద కొట్టుకునేవాణ్ణి. టపటపమని శబ్దం వచ్చేది.

ఆ మధ్యలోనే హిందూపురంలో ఒక ఇంటి నుంచి పిలుపు వచ్చింది. పెద్ద కుటుంబం. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, ఒక ముసలి అవ్వ. ఇంట్లో గిన్నెలు వాటంతటవే పడుతున్నాయనీ, పాలు విరిగిపోతున్నాయనీ, ఎవరో ఏదో చేయించారనీ చెప్పారు. నేను తలుపులు, కిటికీలు, ట్యాంకు అన్నీ ముగించి కుర్చీలో కూర్చున్నాను. వంటింట్లో రెండు స్టవ్వులు, మధ్యలో ఒక చీర తెరలా కట్టి ఉండటం చూశాను. అడిగితే తెలిసింది: కోడళ్ళిద్దరూ ఆరు నెలలుగా మాట్లాడుకోవడం లేదు. ఒకామె కోపంతో గిన్నె పెడితే అవతల గిన్నె పడుతోంది. ఎవరూ అవతలి గిన్నెను పట్టించుకోకపోవడంతో కాయకుండా వదిలేసిన పాలు విరుగుతున్నాయి.

నాకు ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. లేచి నిలబడ్డాను.

"అమ్మా, సూర్యుడు దిగేలోపల కోపం దిగాల. దిగకపోతే ఆ కోపమే అపవాదికి తలుపు తీస్తాది. నూనె పూసినా, ప్రార్థన చేసినా ప్రయోజనం లేదు. ఒకే ఇంటివాళ్ళు మాట్లాడుకోకపోతే ఆ ఇంట్లోకి వాడు చెప్పులతో నడిచొస్తాడు!"

కోడళ్ళిద్దరికీ కన్నీళ్ళు వచ్చాయి. చీర తెర తీసేశారు. నేను రొమ్ము మీద టపటప కొట్టుకుని కాఫీ తాగాను. బయటికి వస్తుంటే ఆ అవ్వ గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"బాగా చెప్పినావప్పా. మీ ఇంట్లో ఎవరు చెప్తారు నీకు ఈ మాటలు?"

"నేనే చెప్పుకుంటానవ్వా" అన్నాను.

"అట్లనా" అని ఆమె నా భార్య వైపు చూసింది. నా భార్య నా చెప్పుల వైపు చూసింది.

ఇల్లు చేరి, మెట్లెక్కి, తాళం తీశాక నా భార్య అంది: "ఇంత బాగా చెప్తే మీ తమ్ముడూ ఇనేవాడేమో. పాపం, ఆయప్పకు ఆ అవకాశమే ఇయ్యకపోతిరి."

ఆమె ఎప్పుడూ గొంతు పెంచదు. ఆ సాయంత్రం కూడా పెంచలేదు. స్టవ్వు మీద గిన్నె పెడుతూ, నా వైపు తిరగకుండా, "పదకొండు నెలలాయ. నాకు ఆకలైతాంది" అంది.

ఏ ఆకలో నాకు తెలుసు. తెలియనట్టు, "ఏమన్నా తిను మరి" అన్నాను. నా బుద్ధి అంత. ఆమె నవ్వింది. ఆ నవ్వు తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

ఇక్కడ నేను మారిపోయానని రాస్తే బాగుంటుంది. మారలేదు. ఆ వారమే ధర్మవరం పాస్టరు ఫోను చేసి, వచ్చే నెల ఉపవాస కూటాల్లో మూడురోజులు కవచం గురించి మీరే చెప్పాలన్నాడు. పెద్ద షామియానా, మైకు, చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తాయి. "ఆ ఉత్తరం ఒక్కటి తెచ్చేస్తే మా కమిటీకి నేను చెప్పుకుంటానయ్యా" అన్నాడు. నేను పెనుకొండ పోవడానికి ఒప్పుకున్నది ఆ మైకు కోసం. నా భార్య ఆకలి కోసం కాదు. ఇది దాచిపెట్టి రాయడం నాకు చేతకాదు.

నా పథకం ఇది: మొదటి ఆదివారం ఉదయం ఆరాధనకు ముందు పోవాలి. గుమ్మం తొక్కకూడదు, మాట ఇచ్చాను కదా. బయటే నిలబడి, ఆఫీసు పనిలా ఉత్తరం తీసుకుని, అక్కడినుంచే ధర్మవరం బస్సు ఎక్కాలి. గంజి ఆ వారం మామూలు కంటే చిక్కగా పెట్టమన్నాను. బస్సులో నేను వంగి టికెట్టు తీసుకోలేనంతగా పెట్టింది.

చర్చి దగ్గరికి పోయేసరికి తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. కుర్చీలు తుడుస్తున్నాడు. నన్ను చూసి గుడ్డ చేతిలోనే పట్టుకుని బయటికి వచ్చాడు. మనిషి తగ్గాడు. జుట్టు నాకంటే తెల్లబడింది.

"వదినా, బాగుండావా?" అని ముందు ఆమెను పలకరించి, "అన్నా, రా" అన్నాడు.

"లోపలికి వచ్చేదానికి రాలేదు. ఒక ఉత్తరం కావాల. ధర్మవరం సంఘానికి."

"ఉత్తరమా? ఇస్తా." లోపలికి పోయి ఒక పుస్తకం తెచ్చాడు. అందులో అచ్చువేసిన కాగితాలు, ఖాళీలు నింపాలి. గుమ్మం అరుగు మీద కూర్చుని కళ్ళద్దాలు పెట్టుకుని నా పేరు రాశాడు. మా నాయన పేరు రాశాడు. బాప్తిస్మం పొందిన ఏడు నన్ను అడగకుండానే రాశాడు. తర్వాత కలం ఆగింది.

"అన్నా, ఈడ ఒక లైను ఉండాది."

"ఏం లైను?"

"ఇతడు సంఘంతోనూ, సహోదరులతోనూ సమాధానంగా ఉన్నాడు అని. అందరికీ అదే అచ్చు. ఉండేవాళ్ళకు ఉంచుతాము, లేకపోతే కొట్టేసి సంతకం పెడతాము." కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశాడు. "ఉంచాల్నా, కొట్టేయాల్నా?"

ముప్పైయేళ్ళు గుమాస్తాగా ఎన్నో కాగితాల మీద ఎన్నో లైన్లు ఉంచి, ఎన్నో కొట్టేయించాను. ఉంచమంటే అబద్ధం, అదీ దేవుని గుమ్మం ముందు. కొట్టేయమంటే ధర్మవరంలో మైకు లేదు.

"నువ్వే చూసి రాయి" అన్నాను.

"నేనెట్ల రాస్తా? సహోదరుడు అంటే నేనే కదా. నాకు తెలిసేదానికి నువ్వు నాతో మాట్లాడితే కదా?"

వెనకనుంచి నా భార్య నెమ్మదిగా దగ్గింది. నేను పక్కకు చూశాను. చెప్పుల స్టాండు నా మోచేతి పక్కనే ఉంది. సిలువ, అక్షరాలు అట్లాగే ఉన్నాయి. ఎవరో నూనె పట్టించారు, కొయ్య మెరుస్తోంది.

"ఎందుకురా దాన్నిట్ల చేసినావు?" అని అడిగాను. ఉత్తరం సంగతి పక్కన పెడితే, పదకొండు నెలల తర్వాత మా తమ్ముణ్ణి నేను అడిగిన మొదటి ప్రశ్న అదే. ఆ రోజే అడిగి ఉంటే పదకొండు నెలలు మిగిలేవి.

"బెంచీ కాళ్ళు చెదలు తినేసినాయన్నా. నువ్వు కూర్చున్నప్పుడు ఊగేది కదా, అది చెదలకే. కమిటీవాళ్ళు కట్టెలకు ఇచ్చేద్దామన్నారు. నేను వాళ్ళ కాళ్ళు పట్టుకున్నంత పని చేసినా. పనికొచ్చేదేమన్నా చేస్తే ఉంచుదాం అన్నారు. ఆ పలక చర్చి గుమ్మంలోనే ఉండాలని ఇది చేయించినా. పై అర ఒంగలేని ముసలోళ్ళకు. తాత ఉన్నింటే ఆ అరే వాడుకుంటుండె కదా, మోకాళ్ళ నొప్పితో."

వాడు నవ్వలేదు. నిజంగానే చెప్పాడు. వాడు మా తాత మోకాళ్ళనొప్పిని ఇప్పటికీ నమ్ముతున్నాడు. మా వంశంలో దాన్ని నమ్మినవాడు వాడొక్కడే.

"లేనురా" అన్నాను.

"ఏం లేవు?"

"సమాధానంగా లేను. కొట్టేయ్."

"ఎవరితో లేవన్నా?"

"నీతోనేరా! ఇంకెవరితో!"

"నాకేం తెల్సు? నేనైతే ఉండాను" అన్నాడు. అప్పుడు నవ్వాడు. చిన్నప్పుడు అవ్వ పక్కన చాప మీద కూర్చుని, బెంచీ మీదున్న నన్ను చూసి నవ్వేవాడే, అదే నవ్వు. ఆ నవ్వుకు అప్పుడు నాకు కోపం వచ్చేది. ఈసారి కళ్ళు మండాయి. గంజి కంట్లో పడిందని చెప్పాలనుకున్నాను. అంత చిక్కటి గంజి ఎక్కడా కారదు.

క్షమించమనే మాట నాకు రాలేదు. దానికి వంగాలి. "ఆ పుస్తకం మూసేయ్, ధర్మవరానికి ఫోను చేసి రావడం లేదని చెప్పుకుంటా. అంగడి ఎట్లుండాది?" అన్నాను. వాడికి అది చాలినట్టుంది. పుస్తకం మూసి, "లోపలికి రా, గంట కొడతారు" అన్నాడు.

గుమ్మం తొక్కనని మాట ఇచ్చినవాణ్ణి గుమ్మం ముందు నిలబడి ఉన్నాను. నా భార్య అప్పటికే చెప్పులు విప్పి కింది అరలో పెట్టేసింది. నేను చెప్పులు విప్పాను. ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

"పైన పెట్టండి" అంది ఆమె. "మీరూ ఒంగలేనోళ్ళే కదా."

తమ్ముడు వెనక్కి తిరిగి దగ్గు వచ్చినట్టు నటించాడు.

నేను కింది అరలో పెట్టాను. వంగేటప్పుడు చొక్కా వీపు మీద చిన్న శబ్దంతో మడత పడింది. ఏళ్ళుగా ఆ చొక్కాలో అక్కడ మడత లేదు. మా తాత అక్షరాలు నా నెత్తి పైన ఉన్నాయి. అదే సరైన చోటని అప్పుడనిపించింది. అనిపించిన మరుక్షణమే, నేను ఎంత వినయంగా వంగానో ఎవరైనా చూశారా అని తలెత్తి చూశాను. అపవాది అంత తొందరగా ఊరు వదిలిపోడు.

లోపల నీలం కుర్చీలో కూర్చున్నాము. నా మోకాళ్ళు ఏమీ నొప్పి పెట్టలేదు. పాస్టరు బల్ల దగ్గరికి వచ్చి మా వరస వైపు చూసి, చదువుతున్నది ఒక్క క్షణం ఆపి, మళ్ళీ చదివాడు. తర్వాత మాట ప్రకారం తానే దిగి వచ్చి పళ్ళెం అందించాడు. నేను తీసుకుని పక్కకు చూశాను. నా భార్య రొట్టెముక్కను వెంటనే నోట్లో వేసుకోలేదు. అరచేతిలో పెట్టుకుని, రెండోచేత్తో మూసి, కొంచెంసేపు అట్లాగే పట్టుకుంది. ఆమె పక్కనున్నామె త్వరగా కానివ్వమన్నట్టు చూసింది. ఆమె తొందరపడలేదు. పదకొండు నెలలు ఆగింది కదా.

ఆ రోజు భోజనం తమ్ముడి ఇంట్లోనే. మరదలు, "బావా, ఇంకొంచెం" అంటూ రాగిసంగటి పెట్టింది. ధర్మవరం పాస్టరుకు ఫోను చేసి కూటాలకు రాలేనన్నాను. కారణం అడిగితే మొత్తం చెప్పేశాను. ఆయన, "అయ్యా, మీరు ఇదే చెప్పడానికి వస్తే బాగుంటుంది కదా" అన్నాడు. మైకు ఆశ మళ్ళీ లేచింది. వద్దన్నాను. అంటే ఇంకా పూర్తిగా వద్దనలేదు, ఆలోచించి చెబుతానన్నాను.

ఇళ్ళలో ప్రార్థనకు ఇప్పటికీ పిలుస్తారు. పోతాను. ట్యాంకు దాకా ఎక్కడం మానేశాను, దానివల్ల కాఫీ ఆలస్యమవుతోంది. కవచం చెప్పేటప్పుడు చెప్పుల దగ్గర అర్ధగంట ఆగుతున్నాను. "ఇప్పుడు మీ బస్సు ఆ స్టాపు వదిల్తే కదా కదిలేది" అని నా భార్య దానికీ విసుక్కుంటుంది.

శనివారాలు మా ఇంట్లో అన్నం మళ్ళీ కుక్కరులోనే అవుతోంది. గంజి లేదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. చొక్కా ఇప్పుడు ఒంటి మీద మెత్తగా వేలాడుతుంది. రొమ్ము మీద కొట్టుకుంటే శబ్దం రాదు. వీధిలో చూసినవాళ్ళు ఆగి, "ఏమన్నా, ఒంట్లో బాగాలేదా? అట్ల వాలిపోయినావే?" అని అడుగుతున్నారు.